మెట్లు దిగుతుంటే రెండుగా కనిపించడం, తల ఒక పక్కకు వాలడం: నాలుగో కపాల నరం గురించి

మీరు రాసినదాంట్లో ముఖ్యమైనవి ఇవి. మీ బాబాయికి 48 ఏళ్లు, కొండపి దగ్గర పొగాకు సాగు. టంగుటూరు దాటాక హైవే మీద బండి జారి పడ్డారు, హెల్మెట్ లేదు, తల వెనక దెబ్బ తగిలి కాసేపు స్పృహ పోయింది. సి.టి.లో ఏమీ లేదన్నారు. లేచి తిరగడం మొదలుపెట్టాక మెట్లు దిగుతుంటే ఒక్కో మెట్టు రెండుగా కనిపిస్తోంది, పేపరు చదువుతుంటే లైను మీద లైను ఎక్కుతోంది. ఎదురుగా దూరాన ఉన్నవి, పైన ఉన్నవి పెద్దగా ఇబ్బంది పెట్టడం లేదు. తల ఎడమ భుజం వైపు వాల్చి నడుస్తున్నారు. మెడ పట్టేసిందని కాలరు వేసి ఫిజియోథెరపీ చేయిస్తున్నారు, ఐదు వారాలైనా మార్పు లేదు. కళ్లద్దాల షాపులో పరీక్ష చేసినాయన 'నాలుగో నరం అయ్యుండొచ్చు' అన్నాడు. అదేమిటి, ఆపరేషన్ చేయించాలా అని అడిగారు.

ఆయన అన్నది నిజమయ్యే అవకాశమే ఎక్కువ. మీరు చెప్పిన లక్షణాలు కుడి కంటి నాలుగో నరానికి సరిపోతున్నాయి. మెడలో జబ్బేమీ ఉండకపోవచ్చు. రెండు బొమ్మలు ఒకటిగా కలవడానికి తల తనంతట తానే అలా వాలుతోంది. మెడ ఎముకలకు దెబ్బ లేదని స్కాన్‌లో తేలి ఉంటే, డాక్టరుతో ఒక మాట చెప్పి ఆ కాలరు తీసేయించండి. కాలరు తలను నిటారుగా బిగించి ఉంచినంతసేపూ ఆయనకు రెండుగానే కనిపిస్తుంది. ఆపరేషన్ మాట ఇప్పుడే వద్దు. దెబ్బ తగిలి కనీసం ఆరు నెలలు గడవాలి. అసలు అవసరం పడకపోవచ్చు కూడా.

ముందుగా ఒక చిన్న పని చేయండి. రెండుగా కనిపిస్తున్నప్పుడు కుడి కన్ను అరచేత్తో మూసి చూడమనండి, తర్వాత ఎడమ కన్ను. ఏ కన్ను మూసినా ఒకటే బొమ్మ మిగిలితే రెండు కళ్లూ ఒకే చోటికి గురి పెట్టడం లేదని అర్థం. అంటే తేడా నరాల్లోనో కండరాల్లోనో ఉంది. ఒక కన్ను మూసినా మరో కంటికి ఇంకా రెండుగానే కనిపిస్తుంటే నరంతో సంబంధం లేదు. శుక్లమో, కార్నియా వంకరో, అద్దాల పవరు తేడానో అయ్యుంటుంది. ఈ అర నిమిషం పరీక్ష చేయకుండానే మెదడు స్కాన్‌కి పంపడం చాలా చోట్ల జరుగుతుంటుంది.

ఇక కండరం సంగతి. ఒక్కో కంటిగుడ్డును తిప్పేవి ఆరు కండరాలు. మెదడు నుంచి వచ్చే 12 జతల కపాల నరాల్లో మూడో, నాలుగో, ఆరో నరాలు వీటిని నడుపుతాయి. ఆరో నరం కంటిని చెవి వైపు లాగే ఒకే ఒక్క కండరానికి పోతుంది. నాలుగోది కూడా ఒక్క కండరానికే, దాని పేరు సుపీరియర్ ఆబ్లిక్. మిగతా నాలుగు కండరాలూ మూడో నరానివే. పై రెప్పను ఎత్తడం, కంటిపాపను చిన్నది చేయడం కూడా దాని పనే. అందుకే రెప్ప వాలిందంటేనో, కంటిపాప పెద్దదైందంటేనో నాలుగో నరాన్ని పక్కన పెట్టి మూడోదాని గురించి కంగారు పడాలి. ఆ సంగతి కింద చెప్తాను.

సుపీరియర్ ఆబ్లిక్ కంటిగూటి లోపలి కొసన ఎముక దగ్గర మొదలవుతుంది. ముక్కు వైపు పై గోడ వెంట ముందుకు వస్తుంది. కనుబొమ మొదలయ్యే చోట, ఎముక అంచుకు సుమారు 4 మి.మీ. లోపల మృదులాస్థితో తయారైన ఒక చిన్న ఉంగరం ఉంటుంది. అక్కడికి వచ్చేసరికి కండరం సన్నటి తంతువుగా మారి, ఆ ఉంగరంలో దూరి, బావి గిలక మీద చేంతాడు మళ్లినట్టు వెనక్కి తిరుగుతుంది. అక్కణ్నుంచి సుపీరియర్ రెక్టస్ అనే మరో కండరం అడుగుగా పోయి, కంటిగుడ్డు వెనక సగంలో, పైన బయటి వైపు అతుక్కుంటుంది.

ఈ వెనక్కి మళ్లిన లాగుడే దాని పని అంతటికీ కారణం. కంటిగుడ్డు వెనక సగాన్ని ముక్కు వైపు, పైకి, ముందుకు లాగుతుంది కాబట్టి ముందు సగం, అంటే చూపు, కిందికి దిగుతుంది. దాంతోపాటు గుడ్డు పై భాగం ముక్కు వైపు మెలి తిరుగుతుంది. ఈ మెలి తిప్పడమే దీని అసలు పని. కిందికి దించడం రెండోది, కాస్త బయటికి తిప్పడం మూడోది. తంతువు లాగే దిశకూ చూపు దిశకూ మధ్య కోణం సుమారు 51 నుంచి 54 డిగ్రీలు. కాబట్టి కన్ను ముక్కు వైపు బాగా తిరిగి ఉన్నప్పుడు ఈ కండరం పూర్తిగా కిందికి దించే పనిలో ఉంటుంది. కన్ను చెవి వైపు తిరిగి ఉన్నప్పుడు మెలి తిప్పే పని మాత్రమే మిగులుతుంది.

మనం చదివేటప్పుడు, అన్నం తినేటప్పుడు, మెట్లు దిగేటప్పుడు రెండు కళ్లూ కాస్త ముక్కు వైపు, కిందికి చూస్తాయి. సుపీరియర్ ఆబ్లిక్ మీద భారం ఎక్కువగా పడేది సరిగ్గా అక్కడే. మీ బాబాయికి దూరాన బస్సు బోర్డు బాగానే కనిపించి, కంచంలో మెతుకులు రెండుగా కనిపించడం ఇందుకే. పొగాకు ఆరబెట్టే బ్యారన్‌లో పై దూలం మీద నిలబడి, కింద నుంచి అందించే ఆకు కర్రలు అందుకోవడం కూడా ఇదే చూపు. ఈ సీజన్‌లో ఆయన్ని బ్యారన్ పైకి ఎక్కనివ్వకండి. ఈ మాటలో మినహాయింపు లేదు.

నరం దారి చూస్తే, తల వెనక తగిలిన దెబ్బకు కంట్లో తేడా ఎందుకొచ్చిందో తెలుస్తుంది. 12 నరాల్లోకీ సన్ననిది నాలుగోది, మందం మిల్లీమీటరు కూడా ఉండదు. కపాలం లోపల ప్రయాణించే దూరం మాత్రం దాదాపు 75 మి.మీ., అన్నిటికన్నా ఎక్కువ. మెదడును వెన్నుపాముతో కలిపే మెదడు కాండం పై భాగంలో, ఇన్ఫీరియర్ కాలిక్యులస్ అనే చిన్న బుడిపె ఎత్తున దీని మూల కణాలు ఉంటాయి. అక్కణ్నుంచి పోగులు ముందుకు రావు, వెనక్కి పోతాయి. మెదడు కాండం వెనక వైపు నుంచి బయటపడే కపాల నరం ఇదొక్కటే. బయటపడే ముందు ఒక పలుచని పొరలో కుడి పోగులన్నీ ఎడమకు, ఎడమవన్నీ కుడికి దాటుకుంటాయి. కుడి కంటి కండరాన్ని నడిపే కణాలు మెదడు కాండంలో ఎడమ వైపు ఉంటాయన్నమాట. దాటాక మెదడు కాండాన్ని చుట్టుకుని, రెండు రక్తనాళాల మధ్య నుంచి ముందుకొచ్చి, టెంటోరియం అనే గట్టి పొర అంచు వెంట సాగుతుంది. తర్వాత కంటిగూటి వెనక కావర్నస్ సైనస్ అనే సిరల గది పక్క గోడలో, మూడో నరానికి కిందుగా, ఐదో నరం మొదటి శాఖకు పైగా నడిచి, కంటిగూటి వెనక చీలికలోంచి లోపలికి వస్తుంది. కంటి కండరాలు మొదలయ్యే వలయంలోంచి మాత్రం రాదు, దాని బయట నుంచి వచ్చి రెప్పను ఎత్తే కండరం మీదుగా దాటుకుని సుపీరియర్ ఆబ్లిక్‌లో చేరుతుంది. శుక్లం ఆపరేషన్‌కి కంటి వెనక మత్తు సూది వేసినప్పుడు కన్ను కదలకుండా ఆగిపోయినా కొన్నిసార్లు మెలి తిరుగుడు మాత్రం మిగిలి ఉండేది ఈ కారణంగానే. మత్తు ఆ వలయం లోపలే ఎక్కువగా పాకుతుంది.

తల వేగంగా వెళ్లి రోడ్డుకు కొట్టుకుని ఆగినప్పుడు మెదడు కాండం వెనక భాగం టెంటోరియం అంచుకు ఒరుసుకుంటుంది. పోగులు దాటుకునే ఆ పలుచని పొర సరిగ్గా అక్కడే ఉంటుంది. నలిగినా సాగినా తెగినా దెబ్బ ఒకటి రెండు మిల్లీమీటర్లలోనే, సి.టి.లో కనపడదు. ఎం.ఆర్.ఐ.లో కూడా చాలాసార్లు కనపడదు. 'స్కాన్ నార్మల్' అంటే రక్తస్రావం లేదని, ఎముక పగల్లేదని, వాపు లేదని చెప్పినట్టు. నరం బాగుందని చెప్పినట్టు కాదు. ఆ మాటను 'కంట్లో ఏ తేడా లేదు' అని అర్థం చేసుకుని ఇంట్లోవాళ్లు ఆయన మాట నమ్మకపోవడం జరుగుతుంది, అలా జరగనివ్వకండి. రెండు పోగులూ ఒకే చోట దాటుకుంటాయి కాబట్టి దెబ్బ వల్ల రెండు వైపులా నరం దెబ్బతినడం కూడా అరుదేమీ కాదు. ఒక వైపు తేడా ఎక్కువగా ఉంటే రెండోది దాని చాటున దాగి ఉంటుంది. పరీక్షలో దీన్ని పనిగట్టుకుని వెతకాలి.

తల ఎడమకు ఎందుకు వాలుతుందో చూడండి. మనం తల కుడి భుజం వైపు వాలిస్తే, చూపు నిటారుగా ఉండడానికి కుడి కన్ను లోపలికి, ముక్కు వైపుకు మెలి తిరగాలి. ఆ పని చేసేవి రెండు కండరాలు, సుపీరియర్ ఆబ్లిక్, సుపీరియర్ రెక్టస్. మొదటిది కంటిని దించుతుంది, రెండోది ఎత్తుతుంది. రెండూ సమానంగా లాగితే ఎత్తడం, దించడం కొట్టేసుకుపోయి మెలి తిప్పడం మాత్రం మిగులుతుంది. సుపీరియర్ ఆబ్లిక్ చచ్చుబడితే రెక్టస్ ఒక్కటే లాగి కన్నును పైకి ఎగరేస్తుంది, రెండు బొమ్మల మధ్య ఎడం పెరుగుతుంది. తల ఎడమకు వాలిస్తే కుడి కన్ను లోపలికి మెలి తిరగాల్సిన పనే లేదు, కళ్లు ఒకే వరసలోకి వస్తాయి. కాబట్టి జబ్బు ఉన్న కంటికి ఎదుటి వైపు భుజానికి తల వాలుతుంది. గడ్డం కూడా కాస్త కిందికి దిగుతుంది, ఎందుకంటే గడ్డం దించితే కళ్లు పైకి చూడాల్సి వస్తుంది, అక్కడ ఇబ్బంది తక్కువ.

ఇది మెడ సమస్యా, కంటి సమస్యా అని తేల్చుకోవడం తేలిక. ఒక కంటికి గుడ్డ కట్టి పావుగంట ఉంచండి. కంటి వల్ల వచ్చిన వంపైతే తల దాదాపు నిటారుగా వచ్చేస్తుంది. మెడ కండరం బిగుసుకున్నదైతే కన్ను మూసినా అలాగే ఉంటుంది. ఇంకొకటి, కంటి వంపులో మీరు చేత్తో తలను అటూ ఇటూ వాలిస్తే మెడ తేలిగ్గా వస్తుంది. బిగుసుకున్న మెడ రాదు, చెవి కింద కండరం తాడులా చేతికి తగులుతుంది. పిల్లల్లో ఈ పరీక్ష ఇంకా ముఖ్యం. పుట్టుకతో నాలుగో నరం బలహీనంగా ఉన్న పిల్లల్ని మెడ ఆపరేషన్ దాకా తీసుకుపోయినవాళ్లు ఉన్నారు.

ఇక ఏ కన్ను, ఏ కండరం అని తేల్చే మూడు మెట్ల పరీక్ష. దీన్ని అమెరికా కంటి డాక్టరు మార్షల్ పార్క్స్ 1958లో పద్ధతిగా రాసిపెట్టారు. మూడో మెట్టు అంతకు ముందు నుంచీ ఉన్న బీల్‌షోవ్‌స్కీ తల వాల్చే పరీక్షే. డాక్టరు ప్రిజమ్, అంటే బొమ్మను పక్కకు జరిపే గాజు ముక్క, పట్టి చేస్తారు. మీరు ఇంట్లో చేస్తే రెండు బొమ్మల ఎడాన్ని బట్టి చేయొచ్చు.

గోడ మీద, ఆయన కూర్చున్నప్పటి కంటి ఎత్తుకు కాస్త దిగువగా, నల్ల ఇన్సులేషన్ టేపు రెండడుగులు అడ్డంగా అంటించండి. ఆయన్ని సరిగ్గా 3 మీటర్ల దూరంలో తల నిటారుగా పెట్టి కూర్చోబెట్టండి. రెండు గీతలు కనిపిస్తే కుడి కన్ను మూయమనండి. కింది గీత మాయమైతే కుడి కన్ను పైకి ఉన్నట్టు, ఎందుకంటే పైకి ఉన్న కంటికి బొమ్మ కిందుగా కనిపిస్తుంది. ఇది మొదటి మెట్టు. రెండోది, తల కదలకుండా కళ్లు మాత్రం ఎడమకు, తర్వాత కుడికి తిప్పి చూడమనండి, మీరు టేపు ముక్కను అటూ ఇటూ మార్చవచ్చు. ఎడమకు చూసినప్పుడు ఎడం పెరిగితే లెక్క కుదురుతోంది. మూడోది, తల కుడి భుజానికి వాల్చమనండి, తర్వాత ఎడమకు. కుడికి వాలిస్తే ఎడం పెరిగి, ఎడమకు వాలిస్తే దాదాపు కలిసిపోతే కుడి సుపీరియర్ ఆబ్లిక్ అని తేలినట్టే. కుడి కన్ను పైకి, ఎడమ చూపులో ఎక్కువ, కుడి వాలుకు ఎక్కువ, ఈ మూడూ వరసగా కలవాలి.

అదే గీతతో ఇంకో సంగతి తెలుస్తుంది. కింది గీత పక్కకు వంగి, ఒక కొసన పై గీతకు దగ్గరగా, రెండో కొసన దూరంగా కనిపిస్తుందేమో అడగండి. కుడి నరం దెబ్బతింటే రెండు గీతలూ కుడి వైపు దగ్గరవుతాయి, అంటే అవి కలిసే కొస జబ్బు ఉన్న కంటి వైపు చూపిస్తుంది. ఈ వంపు సుపీరియర్ ఆబ్లిక్ చేయలేకపోతున్న మెలి తిప్పుడు వల్ల వచ్చింది. పుట్టుకతో ఉన్న బలహీనతలో సాధారణంగా ఈ వంపు గురించి ఎవరూ చెప్పరు, మెదడు ఎప్పుడో అలవాటు పడిపోయి ఉంటుంది. ఆయన తనంతట తానే 'వంకరగా ఉంది' అంటే కొత్తగా వచ్చిందనడానికి గట్టి ఆధారం.

కొలత రాసి పెట్టుకోండి. ఒక ప్రిజమ్ డయాప్టర్ అంటే మీటరు దూరంలో బొమ్మ ఒక సెంటీమీటరు జరగడం. మీరు 3 మీటర్లలో చూస్తున్నారు కాబట్టి 3 సెం.మీ. ఎడం ఒక డయాప్టర్. రెండు గీతల మధ్య 12 సెం.మీ. ఉంటే 4 డయాప్టర్లు. స్కేలు పట్టుకుని ఒకరు గోడ దగ్గర నిలబడితే ఆయనే 'ఇక్కడ' అని చూపిస్తారు. వారానికోసారి, ఒకే సమయంలో, ఒకే కుర్చీలో చేసి తారీఖుతో రాయండి. సాయంత్రం అలసటకు ఎడం కాస్త పెరుగుతుంది, అందుకే ఒకే సమయం. నరం కోలుకుంటోందా లేదా అని చెప్పేది ఈ అంకెలే. 'కాస్త మేలుగా ఉంది' అనే మాట మీద ఎవరూ నిర్ణయం తీసుకోలేరు.

దెబ్బ తగిలింది కాబట్టి కారణం దెబ్బే అనుకోవడం సహజం, కానీ రెండు సంగతులు చూసుకోవాలి. ఒకటి, పుట్టుకతో నరం బలహీనంగా ఉన్నవాళ్లు దశాబ్దాల పాటు తల కాస్త వాల్చి నెట్టుకొస్తారు. నడివయసులో ఒక జ్వరమో దెబ్బో తగిలి ఆ సర్దుబాటు చెడిపోతే 'ఇప్పుడే వచ్చింది' అనిపిస్తుంది. పాత పెళ్లి ఫొటో, రేషన్ కార్డు ఫొటో, పదో తరగతి గ్రూప్ ఫొటో తీసి చూడండి. అన్నిట్లోనూ తల ఎడమకే వాలి ఉంటే కథ వేరు. అలాంటివాళ్లలో తల వాలిన వైపు చెంప కాస్త చిన్నగా ఉంటుంది. మామూలు కళ్లు నిలువు తేడాని 2 నుంచి 3 డయాప్టర్ల దాకానే కలుపుకోగలవు, వీళ్లు 10 దాటినా కలుపుకుంటారు. రెండు, షుగర్, బి.పి. ఉన్నవాళ్లలో నరానికి రక్తం అందించే చిన్న నాళం మూసుకుపోయి హఠాత్తుగా ఇదే తేడా వస్తుంది, కనుబొమ దగ్గర నొప్పి ఉండొచ్చు. అది చాలామందిలో మూడు నాలుగు నెలల్లో దానంతట అదే సర్దుకుంటుంది. 48 ఏళ్లకు బి.పి. చూపించి, హెచ్‌బీఏ1సీ (గత మూడు నెలల షుగర్ సగటు చెప్పే రక్తపరీక్ష) ఒకసారి చేయించడంలో నష్టమేమీ లేదు, దెబ్బ తగిలిందని దాన్ని వదిలేయొద్దు.

ఇంకొన్ని పోలికలు డాక్టరు చూసుకుంటారు, మీకు తెలిసి ఉంటే మంచిది. కంటిగూటి కింది ఎముక పగిలి కండరం ఇరుక్కుంటే పైకి చూసినప్పుడు రెండుగా కనిపిస్తుంది, చెంప మొద్దుబారుతుంది. దీనికి కంటిగూటికి విడిగా పలుచని ముక్కలతో సి.టి. తీయాలి, తల సి.టి. చాలదు. మెదడు కాండంలో సమతుల్యం చూసే దారులు దెబ్బతిన్నా కళ్లు పైకీ కిందికీ తప్పుతాయి. అప్పుడు పైకి ఉన్న కన్ను లోపలికి మెలి తిరిగి ఉంటుంది, నాలుగో నరంలో బయటికి తిరిగి ఉంటుంది. పడుకోబెట్టి మళ్లీ కొలిస్తే మెదడు కాండం కేసులో తేడా సగానికి సగం తగ్గిపోతుంది, నాలుగో నరంలో పెద్దగా మారదు. థైరాయిడ్ వల్ల వచ్చేదానిలో కళ్లు ఉబ్బి ఎర్రగా ఉంటాయి. పొద్దున బాగుండి సాయంత్రానికి రెప్ప వాలిపోయి రెండుగా కనిపిస్తే మయస్థీనియా, అంటే వాడేకొద్దీ కండరాలు అలిసిపోయే జబ్బు, ఉందేమో చూడాలి.

వీటిలో ఏదైనా కనిపిస్తే మాత్రం ఆగకుండా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి: ఒక రెప్ప వాలి కంటిపాప పెద్దదవడం, జీవితంలో ఎప్పుడూ లేనంత తలనొప్పి, మాట ముద్దగా రావడం, ముఖం లేదా కాలు చెయ్యి బలహీనపడడం, నడకలో తూలు, వాంతులు. రెప్ప వాలడంతోపాటు పాప పెద్దదైతే మూడో నరాన్ని ఒక ఉబ్బిన రక్తనాళం నొక్కుతూ ఉండొచ్చు, అది పగిలితే ప్రాణం మీదికొస్తుంది. తలకు దెబ్బ తగిలిన కొన్ని వారాలకు తలనొప్పి తగ్గకుండా పెరుగుతూ పోతే, మత్తుగా ఉంటే, మొదటి సి.టి. నార్మల్ అయినా మళ్లీ తీయాలి. పొర కింద రక్తం నెమ్మదిగా చేరే కేసులు అలాగే బయటపడతాయి.

మన పల్లెల్లో ఇంకొకటి మరిచిపోకూడదు, దెబ్బతో సంబంధం లేకపోయినా. రాత్రి నేల మీద పడుకుని తెల్లవారుజామున కడుపు నొప్పితో లేచి, రెండు రెప్పలూ వాలిపోయి, రెండుగా కనిపిస్తోందంటే కట్లపాము కాటు అనుకోవాలి. కాటు గుర్తు కనిపించకపోవచ్చు, నొప్పి, వాపు కూడా ఉండకపోవచ్చు. ఇది ఏ ఒక్క నరం జబ్బూ కాదు, నరానికీ కండరానికీ మధ్య సంకేతం ఆగిపోవడం. రెప్పల తర్వాత ఊపిరి ఆగుతుంది. కంటి డాక్టరు దగ్గరికి కాదు, విషానికి విరుగుడు, వెంటిలేటర్ ఉన్న చోటికి పోవాలి.

మళ్లీ మీ బాబాయి దగ్గరికి. ఎక్కడికి వెళ్లాలంటే మొదట ఒంగోలు రిమ్స్ గానీ నెల్లూరు పెద్దాసుపత్రి గానీ, కంటి విభాగంలో డిప్లోపియా చార్ట్ చేయమని అడగండి. ఎరుపు, ఆకుపచ్చ అద్దాలు పెట్టి తొమ్మిది దిక్కుల్లో రెండు బొమ్మల ఎడం గీసిచ్చే కాగితం అది. హెస్ చార్ట్ (ఏ కండరం ఎంత లాగుతోందో చూపే పటం), ప్రిజమ్ కొలత, డబుల్ మాడాక్స్ రాడ్ పరీక్ష కావాలంటే మెల్లకన్ను విభాగం ఉన్న చోటికి పోవాలి. మీకు విజయవాడలో ఎల్.వి. ప్రసాద్, చెన్నైలో శంకర నేత్రాలయ అందుబాటులో ఉంటాయి. డబుల్ మాడాక్స్‌లో ఒక కంటికి ఎర్ర గీతల అద్దం, మరో కంటికి తెల్లది పెడతారు. రెండు గీతలూ సమాంతరంగా వచ్చేదాకా ఆయన తిప్పుకుంటారు, ఎన్ని డిగ్రీలు తిప్పారో చట్రం మీద చదువుతారు. 10 డిగ్రీలు దాటితే రెండు వైపులా నరం దెబ్బతిందేమోనని అనుమానించాలి. రెండు వైపులా అయితే ఇంకో గుర్తు, కుడికి చూసినప్పుడు ఎడమ కన్ను పైకి, ఎడమకు చూసినప్పుడు కుడి కన్ను పైకి పోతుంది. కిందికి చూస్తే రెండు కళ్లూ దగ్గరికి వస్తాయి. అప్పుడు తల పక్కకు వాల్చినా లాభం ఉండదు, గడ్డం ఛాతీకి దించుకుని తిరుగుతారు.

చీటీలో సాధారణంగా కనిపించే మందుల మాట. మిథైల్‌కోబాలమిన్ మాత్రలు, సూదులు 'నరం బలానికి' అని రాస్తారు. బి12 తక్కువైనవాళ్లకు పనికొస్తాయి. నలిగిన నాలుగో నరాన్ని అవి బాగుచేస్తాయనడానికి ఆధారం లేదు. హాని లేదు కాబట్టి గొడవ పడక్కర్లేదు, కానీ వాటి కోసం వారం వారం తిరగక్కర్లేదు. స్టెరాయిడ్లు ఈ దెబ్బకు వద్దు, షుగర్ ఉంటే అసలే వద్దు. పెన్ను ముక్కు దగ్గరికి తెచ్చి చూసే కంటి ఎక్సర్‌సైజులు నిలువు తేడాకీ మెలికకీ పని చేయవు.

కోలుకునేదాకా పూట గడవాలి కదా, ఆ ఏర్పాటు ఇలా. చదువుకునేటప్పుడు, మెట్ల దగ్గర ఒక కంటి అద్దానికి లోపలి వైపు తెల్లటి మైక్రోపోర్ టేపు అంటించండి. పెద్దవాళ్లకు ఏ కంటికి మూసినా నష్టం లేదు, రోజు మార్చి రోజు మార్చుకోవచ్చు. అద్దం కింది సగానికి మాత్రమే అంటిస్తే ఎదురు చూపుకు రెండు కళ్లూ వాడుకోవచ్చు, ఈయన ఇబ్బంది కింది చూపులోనే కాబట్టి చాలామందికి ఇదే నచ్చుతుంది. చిన్నపిల్లలకు మాత్రం ఎడాపెడా కన్ను మూయొద్దు, చూపు మందగిస్తుంది.

బైఫోకల్ వాడుతుంటే ఇప్పుడు మానేసి చదవడానికి విడిగా అద్దాలు చేయించండి. బైఫోకల్‌లో కింది ముక్కలోంచే చూడాలి, సరిగ్గా అక్కడే రెండుగా కనిపిస్తుంది. విడి అద్దాలతో పేపరును కళ్ల ఎత్తుకు లేపి చదువుకోవచ్చు. ఎడం స్థిరంగా ఉంటే ఫ్రెనెల్ ప్రిజమ్ అనే పలుచని ప్లాస్టిక్ పొరను పైకి ఉన్న కంటి అద్దానికి, మందపాటి అంచు కిందికి వచ్చేలా అంటిస్తారు. నరం కోలుకుంటుంటే తీసి తక్కువ పవరుది అంటించొచ్చు. చూపు కాస్త మసకేస్తుంది, గీతలు గీతలుగా మెరుపు వస్తుంది. ప్రిజమ్ నిలువు ఎడాన్ని కలుపుతుంది కానీ బొమ్మ వంపును సరిచేయలేదు. వంపు ఎక్కువగా ఉన్నవాళ్లు 'ప్రిజమ్ పెట్టినా లాభం లేదు' అనేది ఇందుకే. అద్దం తప్పు కాదు.

బండి నడపడం ఆపాలి. ఒక కన్ను మూసుకుని నడిపేస్తానంటారు. కొత్తగా ఒక కన్ను మూసినవాళ్లకు దూరం అంచనా అందదు, హైవే మీద ఎదురొచ్చే లారీ ఎంత దూరంలో ఉందో తెలియదు. రొయ్యల చెరువు గట్ల మీద, కాలువ గట్ల మీద నడవాల్సొస్తే కింది చూపుకు గట్టు రెండుగా కనిపించి ఏది నిజమో తెలియక అడుగు తప్పుతుంది. చేతికర్ర ఇచ్చి, కంటికి టేపు వేసి పంపండి. ఇంట్లో మెట్ల అంచులకు పసుపు రంగు పట్టీ వేయండి, రెండు పట్టీలు కనిపించినా అంచు ఎక్కడో తెలుస్తుంది.

ఆరు నెలలు గడిచి, చివరి రెండు మూడు నెలల్లో కొలత మారకుండా ఆగిపోతే అప్పుడు ఆపరేషన్ గురించి మాట్లాడొచ్చు. నరాన్ని ఎవరూ కుట్టరు, కండరాల లాగుడును సరిచేస్తారు. ఎదురు చూపులో తేడా 15 డయాప్టర్ల లోపు ఉండి, అదే కంటిని పైకెత్తే ఇన్ఫీరియర్ ఆబ్లిక్ కండరం అతిగా లాగుతుంటే దాన్ని వెనక్కి జరిపి కుడతారు, ఎక్కువమందికి చేసేది ఇదే. తంతువు వదులుగా ఉంటే దాన్ని మడిచి కుడతారు. ఎక్కువ బిగిస్తే ఆ కన్ను ముక్కు వైపు ఉన్నప్పుడు పైకి లేవదు, కాబట్టి సర్జన్ ఆపరేషన్ బల్ల మీదే గుడ్డును పట్టి లాగి చూసుకుంటారు. తేడా పెద్దదైతే ఎదుటి కంటిని కిందికి దించే ఇన్ఫీరియర్ రెక్టస్‌ను కూడా జరపాల్సి రావచ్చు. నిలువు తేడా తక్కువై వంపు మాత్రమే బాధిస్తుంటే, 1964లో జపాన్ వైద్యులు హరాడా, ఇటో చెప్పిన పద్ధతి ఉంది. మెలి తిప్పే ముందు పోగులను మాత్రం విడదీసి ముందుకు, బయటికి జరుపుతారు. దెబ్బ వల్ల రెండు వైపులా వచ్చిన కేసుల్లో ఇది బాగా అక్కరకొస్తుంది.

సర్జన్‌ను అడగాల్సింది 'పూర్తిగా తగ్గుతుందా' అని కాదు. 'ఎదురు చూపులో, చదివే చూపులో రెండుగా కనిపించకుండా ఉంటుందా, పక్కలకు ఎంత మిగులుతుంది' అని అడగండి. అన్ని దిక్కుల్లోనూ ఒకటిగా కనిపించేలా చేస్తామని ఎవరైనా మాటిస్తే రెండో అభిప్రాయం తీసుకోండి. కొందరికి రెండోసారి చిన్న సర్దుబాటు అవసరమవుతుంది. వెళ్లేటప్పుడు పాత ఫొటోలు, దెబ్బ నాటి సి.టి. ఫిల్ములు, మీరు వారం వారం రాసిన కొలతల కాగితం, ఇప్పుడు వాడుతున్న కళ్లద్దాలు పట్టుకెళ్లండి. ఆ అద్దాల్లో ముందే ఎవరైనా ప్రిజమ్ వేసి ఉంటే, అది చెప్పకపోతే, చేసిన కొలతలన్నీ తప్పొస్తాయి.